లక్షా నలభై వేల మైళ్ల ప్రియస్ నీరసించింది: బ్యాటరీ మార్చే ముందు చూడాల్సినవి

ముందు మీ సమస్యను ఒక్కచోట పెట్టుకుందాం. 2012 టొయోటా ప్రియస్, అంటే పెట్రోలు ఇంజన్, బ్యాటరీ రెండింటితో నడిచే హైబ్రిడ్ కారు, 1,40,000 మైళ్లు తిరిగింది, డాలస్‌లో మూడు నెలల క్రితం కొన్నారు. కొన్న కొత్తలో గ్యాలన్‌కి 47 మైళ్లు వచ్చేది, ఇప్పుడు 37కి పడిపోయింది. ఫ్రీవే ర్యాంప్ ఎక్కుతుంటే పికప్ ఉండటం లేదు. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగాల్సిన ఇంజన్ ఆగటం లేదు. వెనక సీటు పక్క నుంచి ఫ్యాన్ హోరు వినిపిస్తోంది. కొన్ని ఉదయాల్లో స్టార్ట్ కాగానే బండి కొన్ని సెకన్లు వణుకుతోంది. డాష్ మీద ఏ లైటూ వెలగలేదు. మెకానిక్ మాత్రం బండిని ఏ పరికరానికీ తగిలించకుండానే హైబ్రిడ్ బ్యాటరీ పోయిందన్నాడు.

ఆ మాటకి ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాల్లో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయాయి. ఫ్యాన్ హోరు, ర్యాంప్ మీద నీరసం బ్యాటరీ వైపు వేలు చూపిస్తున్నాయి. ఉదయం వణుకు మాత్రం ఇంజన్‌ది, దానికీ బ్యాటరీకీ సంబంధం లేదు. రెండింట్లో నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది ఆ వణుకే. ఎందుకో కింద చెబుతాను.

ఈ బండి రెండు కాళ్ల మీద నడుస్తుంది. 2010 నుంచి 2015 వరకు వచ్చిన ప్రియస్‌లో 1.8 లీటర్ల ఇంజన్ ఇచ్చేది 98 హార్స్‌పవర్. బండి మొత్తం శక్తి 134. మిగిలిన 36 హార్స్‌పవర్, అంటే దాదాపు 27 కిలోవాట్లు, బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీ వేడెక్కినా, బలహీనపడినా కంప్యూటర్ దాని నుంచి తీసుకునే శక్తికి కోత పెడుతుంది. అప్పుడు మీరు ర్యాంప్ ఎక్కేది 98 హార్స్‌పవర్‌తోనే. అటు ఇంజన్ సరిగా మండకపోయినా ఇదే నీరసం కనిపిస్తుంది. సీట్లో కూర్చున్నవారికి రెండూ ఒకేలా తెలుస్తాయి, కాబట్టి ఏ కాలు కుంటుతోందో అంకెలు చూసే తేల్చాలి.

అంతకన్నా ముందు పైసా ఖర్చులేని పనులు ముగించండి. ఈకో బటన్ నొక్కి ఉందేమో చూడండి. పాత యజమాని అలవాటుగా ఈకోలో వదిలేసిన బండిని కొని పికప్ లేదని బాధపడేవారు చాలామంది. ఈకోలో పెడల్ ఎంత నొక్కినా స్పందన మెల్లగా ఉంటుంది, ఏసీ కూడా తగ్గుతుంది. పవర్ మోడ్‌లో పెట్టి అదే ర్యాంప్ ఎక్కి చూడండి. తర్వాత టైర్లు. డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద ముందు 35, వెనక 33 పీఎస్‌ఐ అని ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. అమ్మే ముందు చవక టైర్లు వేసి ఇచ్చారా అన్నదీ చూడండి. ఈ బండికి తగిన తక్కువ రోలింగ్ నిరోధం ఉన్న టైర్లు తీసేసి మామూలువి వేస్తేనే మైలేజ్ మూడు నాలుగు మైళ్లు పోతుంది. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. దీనికి పట్టేది ఫిల్టర్‌తో కలిపి 4.4 క్వార్టులు, 0డబ్ల్యూ-20 రకం. త్వరగా ఆయిల్ మార్చి పంపే షాపుల్లో లెక్కచూడకుండా ఐదు క్వార్టులూ పోసేస్తారు. పై గీత దాటి పోసిన ఆయిల్‌తో కూడా ఇంజన్ బరువుగా తిరుగుతుంది.

మైలేజ్‌ని డాష్ చెప్పినట్టు నమ్మొద్దు, అది కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, మొదటి క్లిక్‌కే ఆపి ట్యాంకు నింపండి. తర్వాతిసారి నింపినప్పుడు తిరిగిన మైళ్లను పట్టిన గ్యాలన్లతో భాగించండి. ఇలా మూడు ట్యాంకుల సగటు తీస్తేనే అది నమ్మదగిన అంకె. ఇంతకుముందు మీకు వచ్చిన 47 డాష్ చెప్పినదైతే అసలు పతనం మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

ఇప్పుడు పరికరం. బండి కంప్యూటర్ సాకెట్‌కి తగిలించి బ్లూటూత్‌తో పనిచేసే మంచి ఓబీడీ డాంగుల్ ఒకటి, ఫోన్‌లో డాక్టర్ ప్రియస్ లేదా హైబ్రిడ్ అసిస్టెంట్ లాంటి యాప్ ఒకటి చాలు. మరీ చవక డాంగుళ్లు హైబ్రిడ్ కంప్యూటర్‌తో సరిగా మాట్లాడవు. యాప్ సిఫారసు చేసినదే కొనండి. దుకాణాల్లో ఉచితంగా లోపాల కోడ్లు చదివి పెట్టే చిన్న పరికరం ఇంజన్ కంప్యూటర్‌ని మాత్రమే అడుగుతుంది. హైబ్రిడ్ కంప్యూటర్, బ్యాటరీ కంప్యూటర్, బ్రేకుల కంప్యూటర్ దాచుకున్న కోడ్లు దానికి కనిపించవు. అందుకే 'కోడ్లేమీ లేవు' అన్న మాటకు ఈ బండి విషయంలో పెద్దగా విలువ లేదు.

డాంగుల్ తగిలించగానే మొదట చూడాల్సింది కోడ్లు తుడిచేశాక బండి తిరిగిన దూరం. అమ్మకానికి ముందు కోడ్లు తుడిచేసి ఉంటే ఆ దూరం మీరు కొన్న తర్వాత తిరిగిన మైళ్లతో సరిపోలుతుంది. అప్పుడు లైటు లేకపోవడానికి అర్థం జబ్బు లేదని కాదు, ఎవరో దాచారని. ఆ తర్వాత పన్నెండు వోల్టుల బ్యాటరీ. డిక్కీలో కుడి మూలన ఉంటుంది. బండి ఆపి రెండు మూడు గంటలు వదిలేసి కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. బండి నడవడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు వెలిగాక 14 దాటాలి. ఆపి ఉన్నప్పుడు 12.2 కన్నా తక్కువ ఉంటే ముందు దాన్ని ఛార్జ్ చేసి, మళ్లీ పరీక్షించండి. ఈ చిన్న బ్యాటరీ ఇంజన్‌ని తిప్పదు, ఆ పని పెద్ద బ్యాటరీది. కానీ ఇది నీరసిస్తే కంప్యూటర్లన్నీ తికమకపడి లేనిపోని కోడ్లు పెడతాయి. మైలేజ్ పది మైళ్లు పడటానికి మాత్రం ఇది ఒక్కటే కారణం కాదు. మార్చాల్సి వస్తే గాలి గొట్టం ఉన్న ఏజీఎం (యాసిడ్ చిందకుండా గాజు పీచులో ఇంకి ఉండే) రకమే వేయండి, ఆ గొట్టాన్ని తిరిగి తగిలించడం మరవకండి. బ్యాటరీ ఉన్నది బండి లోపల కాబట్టి దాని గ్యాస్ బయటికి పోవాలి.

ఇక పెద్ద బ్యాటరీ. అందులో 7.2 వోల్టుల మాడ్యూళ్లు 28 ఉంటాయి, మొత్తం 201.6 వోల్టులు. కంప్యూటర్ వాటిని రెండేసి చొప్పున 14 బ్లాకులుగా చూస్తుంది. యాప్‌లో కనిపించే 14 గీతలు అవే. బండి అరగంట నడిపి వేడెక్కాక, మీ పక్కన ఎవరినైనా ఫోన్ పట్టుకుని కూర్చోబెట్టండి. నడుపుతూ ఫోన్ చూడొద్దు. ఖాళీ రోడ్డు మీద గట్టిగా పెడల్ నొక్కి వేగం పెంచండి, తర్వాత కాస్త గట్టిగానే బ్రేక్ వేయండి. ఈ రెండు సందర్భాల్లో 14 గీతలు ఎలా కదులుతున్నాయో రికార్డు చేయండి.

ఊరికే నిలబడి ఉన్నప్పుడు బ్లాకులన్నీ దాదాపు ఒకే వోల్టేజ్ చూపిస్తాయి, పాడైనవి కూడా. లోడు పడినప్పుడే బయటపడతాయి. వేగం పెంచేటప్పుడు మిగతావాటికన్నా ఒక బ్లాకు కిందికి జారి, బ్రేక్ వేసేటప్పుడు అదే బ్లాకు అందరికన్నా పైకి లేస్తే దాని అంతర్గత నిరోధం పెరిగిందన్నమాట. అది పోయిన బ్లాకు గుర్తు. ఎక్కువ, తక్కువల మధ్య తేడా లోడు మీద అర వోల్టు లోపు ఉంటే ఇంత వయసున్న ప్యాక్‌కి బాగున్నట్టే. వోల్టు దాటి, ప్రతిసారీ అదే బ్లాకు దగ్గర కనిపిస్తే కంప్యూటర్ ప్యాక్ మార్చమని చెప్పే పి0ఏ80 కోడ్ పెట్టే రోజు దగ్గర్లోనే ఉంది. సాధారణంగా ముందు పోయేవి మధ్యలోని బ్లాకులు, ఎందుకంటే అంచుల్లో ఉన్నవాటికి తగిలినంత చల్లగాలి వాటికి తగలదు. తేడా ఒక బ్లాకులో కాకుండా పక్కపక్క రెండింటి మధ్య ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా కనిపిస్తే మాడ్యూళ్లని కలిపే రాగి పట్టీలకి చిలుము పట్టి ఉండవచ్చు. దానికి ప్యాక్ మార్చక్కర్లేదు, పట్టీలు శుభ్రం చేయించినా, కొత్తవి వేయించినా సరిపోతుంది.

డాష్ మీది బ్యాటరీ గీతలు కూడా సాక్ష్యమే. మామూలుగా కంప్యూటర్ ఛార్జ్‌ని 40 నుంచి 80 శాతం మధ్య ఉంచుతుంది, 60 దగ్గర ఉండటం దానికి ఇష్టం. చిన్న ఎత్తు ఎక్కగానే రెండు గీతలకి పడిపోవడం, నాలుగు నిమిషాల్లో మళ్లీ ఎనిమిదికి లేవడం చేస్తుంటే ప్యాక్ దాచుకోగల పరిమాణం కుంచించుకుపోయినట్టు. బకెట్ చిన్నదైపోయింది, అందుకే త్వరగా నిండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది.

కానీ మీ ఫ్యాన్ హోరు ఇంకో సంగతి చెబుతోంది. బ్యాటరీని చల్లబరిచే గాలి బండి బయటి నుంచి కాదు, మీరు కూర్చునే చోటు నుంచే లోపలికి పోతుంది. వెనక సీటు కుడి పక్కన జల్లెడ లాంటి రంధ్రం ఉంది చూడండి, అదే దాని ముక్కు. కుక్క వెంట్రుకలు, దుప్పటి నూగు, రోడ్డు దుమ్ము ఏళ్ల తరబడి అందులోకి పోయి ఫ్యాన్ రెక్కల మధ్య పేరుకుంటాయి. రెక్కలు నిండిపోతే ఫ్యాన్ ఎంత వేగంగా తిరిగినా గాలి తోయలేదు. హోరు పెరుగుతుంది, చల్లదనం రాదు. డాలస్ ఎండలో ఆపిన బండిలో లోపలి గాలే 50 డిగ్రీల సెల్సియస్ ఉంటే బ్యాటరీకి ఊపిరెక్కడిది? ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన బియ్యం బస్తా, ఎయిర్‌పోర్ట్ సూట్‌కేసు ఆ రంధ్రానికి అడ్డంగా పెట్టడం మనవాళ్లలో చాలా మామూలు. ఆ ఒక్క అలవాటు మానండి.

యాప్‌లో బ్యాటరీ ఉష్ణోగ్రతలు మూడు సెన్సార్ల నుంచి కనిపిస్తాయి. ఏసీ వేసుకుని నడుపుతున్నప్పుడు 40 డిగ్రీల లోపు ఉండాలి. 45 దాటి పోతుంటే, దాంతోపాటు బ్యాటరీ ఇవ్వగలిగే శక్తి అంకె కిందికి దిగుతుంటే మీ ర్యాంప్ నీరసానికి కారణం దొరికినట్టే. ఆ అంకె యాప్‌లో డబ్ల్యూ-అవుట్ అని ఉంటుంది. బండి బాగున్నప్పుడు 20 కిలోవాట్ల పైనే ఉంటుంది.

ఫ్యాన్ శుభ్రం చేయడం రెండు గంటల పని. డిక్కీలో కుడి పక్క ప్లాస్టిక్ కవర్లు, వెనక సీటు పక్క మెత్త తీస్తే ఫ్యాన్ కనిపిస్తుంది. పదో నంబరు సాకెట్ చాలు. తీసి, మెత్తటి బ్రష్షుతో ఒక్కో రెక్క మధ్యా తోమండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ చక్రాన్ని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగులు పోతాయి. ఫ్యాన్ నుంచి బ్యాటరీకి వెళ్లే గొట్టంలోకి కూడా టార్చి వేసి చూడండి. ఈ పనికి నారింజ రంగు హై వోల్టేజ్ వైర్ల జోలికి పోనక్కర్లేదు. ఆ వైర్లు తాకే ఏ పనైనా, ప్యాక్ విప్పడంతో సహా, మీరు చేయొద్దు. ప్యాక్ కరెంటుని తెంచే సర్వీస్ ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లు దిగడానికి పది నిమిషాలు ఆగాలి, వెయ్యి వోల్టులకు తగిన రబ్బరు గ్లోవ్స్ ఉండాలి. ప్లగ్ పీకినా ప్యాక్ లోపలి మాడ్యూళ్లలో కరెంటు అలాగే ఉంటుంది. రెండు వందల వోల్టుల డీసీ ప్రాణం తీస్తుంది.

ఇక ఆ ఉదయపు వణుకు. ఈ తరం ప్రియస్‌కి అసలు శత్రువు బ్యాటరీ కాదు, ఈజీఆర్ కూలర్. మండిన పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి తిరిగి ఇంజన్‌లోకి పంపడం దాని పని. అలా పంపితే మంట వేడి తగ్గుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది. లక్ష మైళ్లు దాటేసరికి కూలర్ లోపలి సన్నటి దారులు మసితో పూడుకుపోతాయి. ఇంటేక్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కీ ఒకటి చొప్పున నాలుగు చిన్న రంధ్రాలున్నాయి, అవీ మూసుకుపోతాయి. కొన్నే మూసుకుంటే పొగంతా మిగిలిన సిలిండర్లకే పోయి అవి తడబడతాయి. పూర్తిగా మూసుకుంటే మంట వేడెక్కి నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి టకటకమని మండటం, మొదలవుతుంది. కంప్యూటర్ అది విని స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది. పికప్ పోతుంది, మైలేజ్ పోతుంది, లైటు మాత్రం వెలగదు. ఈజీఆర్ పూడుకుందని చెప్పే పి0401 కోడ్ వచ్చేది చాలా ఆలస్యంగా. ఆ వేడికి చివరికి లొంగేది హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు.

గాస్కెట్ పోయిందో లేదో ఇలా తెలుస్తుంది. రాత్రంతా ఆపి ఉంచినప్పుడు కూలెంట్ బొట్లుబొట్లుగా సిలిండర్‌లోకి దిగుతుంది. ఉదయం స్టార్ట్ కాగానే ఆ సిలిండర్ మండదు, బండి పట్టి ఊపినట్టు వణుకుతుంది, పది ఇరవై సెకన్లలో సర్దుకుంటుంది. కాబట్టి ఈ రాత్రే ఇంజన్ కూలెంట్ ట్యాంకు మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ఇంజన్‌కి ఒక ట్యాంకు, బ్యాటరీ కరెంటుని మోటార్‌కి తగినట్టు మార్చే ఇన్వర్టర్‌కి వేరే ట్యాంకు ఉన్నాయి, తికమకపడొద్దు. వారంలో మట్టం గీత కిందికి పోయి, బయట ఎక్కడా కారకపోతే అనుమానం గట్టిపడినట్టే. రూఢి చేసుకోవడానికి కూలెంట్ ప్రెషర్ పరీక్ష ఉంది. పంపు, అడాప్టర్ ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. చల్లటి ఇంజన్ ట్యాంకు మూత తీసి అడాప్టర్ బిగించి 15 పీఎస్‌ఐ వరకు కొట్టి రాత్రంతా వదిలేయండి. ఉదయం స్పార్క్ ప్లగ్గులు తీసి సన్నటి గొట్టానికి కెమెరా ఉన్న బోరోస్కోప్‌తో పిస్టన్ల మీదికి చూడండి. మూడు పిస్టన్లు మసితో నల్లగా ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు మెరుస్తున్నా, దాని మీద గులాబీ రంగు తడి కనిపించినా సమాధానం దొరికింది. ఆ బండిని నడపడం ఆపండి. కూలెంట్ పోస్తూ నెట్టుకొస్తే కనెక్టింగ్ రాడ్ వంగి గాస్కెట్‌తో పోయేది ఇంజన్ దాకా వస్తుంది. సీసాల్లో అమ్మే గాస్కెట్ సీలర్లు పోయొద్దు, అవి రేడియేటర్‌నీ హీటర్ కోర్‌నీ పూడ్చేస్తాయి.

పరీక్షలో తడి లేకపోతే మీరు అదృష్టవంతులు. అప్పుడు ఈజీఆర్ కూలర్, వాల్వ్, గొట్టం, మానిఫోల్డ్ నాలుగూ తీసి కడిగించండి. వాల్వ్ ఒక్కటే శుభ్రం చేసి ఇచ్చేవారున్నారు, దాంతో లాభం లేదు. పూడుకునేది ప్రధానంగా కూలరే. అది ఇంజన్ వెనక, ఫైర్‌వాల్ వైపు ఉంటుంది. వైపర్ల కింది తొట్టి తీస్తే చేయి పడుతుంది. కూలర్‌ని వేడినీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి, నీళ్లు మారుస్తూ, అటునుంచి చూస్తే ఇటు వెలుతురు ధారాళంగా కనిపించేదాకా నానబెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్లు కొత్తవి వేసి, కూలెంట్ టొయోటా గులాబీ రంగుదే పోసి, గాలి పూర్తిగా బయటికి తీయాలి. గాలి మిగిలితే మీరు తప్పించుకున్న వేడిని మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. ప్లగ్గులు ఎలాగూ బయటికొచ్చాయి. వాటి ఆయుష్షు 1,20,000 మైళ్లు, మీవి మారిన దాఖలా లేకపోతే కొత్త ఇరిడియం ప్లగ్గులు వేసేయండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, డీలర్ కౌంటర్‌లోనే కొనండి.

ఇంజన్ ఆగకపోవడానికి ఇంకో కారణం మిగిలింది. కూలెంట్ దాదాపు 70 డిగ్రీలకు చేరేదాకా కంప్యూటర్ ఇంజన్‌ని స్వేచ్ఛగా ఆపనివ్వదు. పావుగంట నడిపాక కూడా యాప్‌లో 70 దాటకపోతే కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుపోయింది. చవక సామాను, త్వరగా అయ్యే పని. హీటర్ లేదా అద్దం డీఫ్రాస్ట్ వేసి ఉంచినా ఇంజన్ ఆగదు, అది జబ్బు కాదు.

ఆయిల్ సంగతి కూడా కనిపెట్టండి. ఈ తరంలో 2014 దాకా వచ్చిన ఇంజన్లలో పిస్టన్ రింగులు అంటుకుపోయి ఆయిల్ తాగేవి ఉన్నాయి. 1,200 మైళ్లకు క్వార్ట్ మించి తగ్గుతుంటే రింగులు పోయాయనుకోండి. ఆ కాలిన ఆయిల్ ఈజీఆర్‌ని ఇంకా త్వరగా పూడుస్తుంది, పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ని కూడా మూసేస్తుంది. కన్వర్టర్ మూసుకుంటే ఊళ్లో బాగానే ఉండి ఫ్రీవే మీద మాత్రం ఊపిరాడనట్టు ఉంటుంది. ప్రియస్ కన్వర్టర్లు దొంగల పాలవుతుంటాయి కాబట్టి, బండి కిందికి వంగి అది అసలుదా, చవక బదులుదా అన్నది ఒకసారి చూడండి.

బ్రేకుల్ని త్వరగా ముగిస్తాను. ఈ బండి ఎక్కువసార్లు మోటార్‌తోనే ఆగుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్లు పని లేక తుప్పుపట్టి బిగుసుకుంటాయి. పది మైళ్లు నడిపి, బ్రేక్ తక్కువ వాడి ఆపి, నాలుగు చక్రాల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ లాగుతోంది. వెనక ప్యాడ్లు కొత్తగా వేసి ఉంటే ఇంకో తప్పు జరిగి ఉండవచ్చు. ప్యాడ్ వెనకున్న చిన్న మేకు కాలిపర్ పిస్టన్ గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా రుద్దుతూనే ఉంటుంది.

బండి ఛాసిస్ నంబరుతో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాళ్లు (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) కూడా చూసుకోండి. ఇన్వర్టర్ వేడెక్కే సమస్య మీద 2014 ఫిబ్రవరిలో ఒకటి, లోపం వచ్చినప్పుడు బండి ఉన్నట్టుండి ఆగిపోకుండా చూడటానికి 2018 అక్టోబర్‌లో ఒకటి వచ్చాయి. చేయించని రీకాల్ ఉంటే డీలర్ ఉచితంగా చేస్తాడు, యజమాని మారినా సరే. రెడీలో ఉన్నప్పుడు ఇన్వర్టర్ ట్యాంకు మూత తీసి చూస్తే కూలెంట్ సుళ్లు తిరుగుతూ కనిపించాలి. నిశ్చలంగా ఉంటే దాని పంపు ఆగిపోయింది, నడపకండి.

వీటన్నిటి తర్వాత బ్లాకుల పరీక్షలో ఒకటి నిజంగా పోయిందని తేలితేనే ప్యాక్ గురించి మాట్లాడాలి. పోయిన మాడ్యూల్ ఒక్కటే మార్చి ఇస్తామనేవారి దగ్గరికి వెళ్లొద్దు. మిగిలిన 27 కూడా అంతే ముసలివి, కొన్ని నెలల్లో పక్కది పోతుంది. కొత్త మాడ్యూళ్లతో కట్టిన పూర్తి ప్యాక్ మాత్రమే పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. రిపేరు చేసిన ప్యాక్ కొనాల్సి వస్తే వారంటీ కాగితం మీద విప్పి బిగించే కూలీ కూడా ఉందో లేదో చదవండి. ఒక్క షరతు: ఇంజన్ ప్రెషర్ పరీక్షలో నెగ్గేదాకా ప్యాక్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. గాస్కెట్ పోయిన ఇంజన్‌కి కొత్త బ్యాటరీ వేయించి, నెలలోపే రెండూ కలిపి నష్టపోయిన బండ్లు ఈ మోడల్‌లో చాలా ఉన్నాయి.

ఈ శనివారం చేయగలిగినవి ఫ్యాన్, టైర్లు, ఆయిల్ మట్టం, కూలెంట్ గీత. ఆ తర్వాత మీ బ్లాకుల రికార్డింగ్, బ్యాటరీ ఉష్ణోగ్రతలు, కోడ్లు తుడిచాక తిరిగిన దూరం, వారం తర్వాత కూలెంట్ మట్టం రాయండి. ఆ నాలుగు అంకెలతో మీ బండికి ఏ కాలు కుంటిదో చెప్పవచ్చు.